ముందు నీ ఇంటికి వెళ్ళు

వాక్యభాగము: మార్కు సువార్త 5:1-20



ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ రోజు మనం ధ్యానించబోయే భాగం మీలో చాలామందికి బాగా తెలిసినదే. గెరాసేనుల దేశంలో సమాధుల మధ్య తిరిగిన మనిషి, అతనిలో ఉన్న సేన, సముద్రంలో పడి చచ్చిన పందులు. సండే స్కూల్ పిల్లల్ని అడిగినా ఈ కథ గడగడా చెప్పేస్తారు. అయితే మనం ఎప్పుడూ పందుల దగ్గరే ఆగిపోతాం. ఆ తర్వాత దోనె దగ్గర జరిగిన చిన్న సంభాషణను గబగబా దాటేస్తాం. ఈ రోజు అక్కడే కాసేపు నిలబడదాం. ఎందుకంటే, బాగుపడిన ఒక మనిషిని యేసుప్రభువు మొట్టమొదట ఎక్కడికి పంపించాడో ఆ సంభాషణలోనే ఉంది.

ఆయన అతన్ని ఇంటికి పంపించాడు.

ప్రభువు కాదన్న ఒక్క మనవి

ఈ భాగంలో యేసుప్రభువును ఎవరెవరు బతిమాలుకున్నారో లెక్కపెట్టండి. మొదట దయ్యాలు బతిమాలుకున్నాయి, మమ్మల్ని ఆ పందుల్లోకి పోనివ్వు అని. ప్రభువు సరే అన్నాడు. సుమారు 2,000 పందులు పోయాయి. తర్వాత ఊరివాళ్ళు బతిమాలుకున్నారు, మా ప్రాంతం విడిచి వెళ్ళిపొమ్మని. ఆశ్చర్యం ఏమిటంటే, దానికీ ప్రభువు ఒప్పుకున్నాడు. వాళ్ళతో వాదించలేదు. దోనె ఎక్కాడు. మూడోసారి బతిమాలుకున్నది బాగుపడిన ఆ మనిషే. అతను ఏమడిగాడు? నన్ను కూడా నీతో ఉండనివ్వు అని అడిగాడు. ఇంతకంటే మంచి ప్రార్థన ఏముంటుంది చెప్పండి? దయ్యాల మనవి విన్నాడు, తనను పొమ్మన్నవాళ్ళ మనవి విన్నాడు, తనను ప్రేమించినవాడి మనవి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రభువు వద్దన్నాడు.

19వ వచనంలో ఆయన చెప్పిన జవాబు భావం ఇది: నువ్వు మీ ఇంటికి వెళ్ళు, నీ సొంతవాళ్ళ దగ్గరికి వెళ్ళు, దేవుడు నీకు చేసిన మేలు ఎంత గొప్పదో, నీమీద ఎలా జాలిపడ్డాడో వాళ్ళకు చెప్పు.

ఈ జవాబు అతనికి ఎంత కష్టమై ఉంటుందో చూడండి. లూకా సువార్త 8:27 చూస్తే, అతను చాలాకాలంగా బట్ట కట్టలేదు, ఇంట్లో ఉండలేదు, సమాధుల్లోనే ఉండేవాడు. ఇల్లు వదిలేసిన మనిషిని ప్రభువు ఇంటికి వెళ్ళమంటున్నాడు! మార్కు 5:4లో ఇంకో సంగతి ఉంది. అతన్ని చాలాసార్లు సంకెళ్ళతో, గొలుసులతో కట్టారు. ఎవరు కట్టి ఉంటారు? బైబిలు పేర్లు చెప్పలేదు. కాని ఆలోచించండి, మన ఊళ్ళో ఒక మనిషి అలా అయిపోతే పట్టుకోవడానికి మొదట పరుగెత్తేది ఎవరు? అన్నదమ్ములు, బావమరుదులు, పక్కింటివాళ్ళు. అతను గొలుసులు తెంపుకుని పోతుంటే భయపడి తలుపులు వేసుకున్నది ఎవరు? అతని పిల్లలు ఉంటే పిల్లలే. రాత్రింబగళ్ళు కొండల్లో అతని కేకలు విని నిద్రపోకుండా ఏడ్చింది ఎవరు? తల్లి ఉంటే ఆ తల్లే.

అలాంటి ఇంటికి తిరిగి వెళ్ళడం కంటే, ప్రభువుతో దోనె ఎక్కి, తన గతం తెలియని అవతలి ఒడ్డుకు వెళ్ళిపోవడం సులువు. అక్కడ అతను గొప్ప సాక్షి. ఇక్కడ అతను ఇంకా "ఆ పిచ్చోడే." అయినా ప్రభువు ఇక్కడికే పంపించాడు.

ఇంటివాళ్ళు మాత్రమే చూసినది

ఎందుకు పంపించాడు? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే ఈ రోజు సందేశం అంతా దొరికినట్టే.

మనం సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్తాం. "ఒకప్పుడు నేను కోపిష్టిని, ఇప్పుడు ప్రభువు నన్ను మార్చాడు" అంటాం. వినేవాళ్ళు "హల్లెలూయ" అంటారు. కాని వాళ్ళలో మన కోపం చూసింది ఎంతమంది? వాళ్ళు మన మాట మీద నమ్మకంతో హల్లెలూయ అన్నారు, అంతే. ఇంట్లో అలా కుదరదు. విసిరికొట్టిన కంచం ఎవరి ముందు పడిందో వాళ్ళు అక్కడే ఉన్నారు. తాగొచ్చిన రాత్రి తలుపు తీసిన చెయ్యి అక్కడే ఉంది. అబద్ధం చెప్పి తీసుకుపోయిన ఫీజు డబ్బులు ఎవరు అప్పు చేసి తెచ్చారో, ఆ నాన్న అక్కడే పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

మనం ఒకప్పుడు ఎలా ఉండేవాళ్ళమో కళ్ళారా చూసింది ఇంటివాళ్ళే. కాబట్టి ఇప్పుడు నిజంగా మారామో లేదో తేల్చగలిగిందీ వాళ్ళే. లోకంలో ఇంకెవరికీ ఆ అవకాశం లేదు. అందుకే ఇల్లు అన్నిటికంటే కష్టమైన సువార్త క్షేత్రం. అందుకే అన్నిటికంటే విలువైనది కూడా. ఊరంతా నమ్మి ఇల్లు నమ్మకపోతే, ఊరు నమ్మినదాని విలువ ఎంత? ఇల్లు నమ్మితే ఊరికి వేరే రుజువు అక్కర్లేదు.

బైబిల్లో ఈ వరుస ఎన్నిసార్లు కనిపిస్తుందో చూడండి. అంద్రెయ యేసును కలుసుకున్నాక మొదట వెదికింది తన సహోదరుడు సీమోనునే (యోహాను 1:40-42). అంద్రెయ పెద్ద ప్రసంగం చేసినట్టు ఎక్కడా లేదు. ఒక్క మాట చెప్పి, సహోదరుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ సహోదరుడే తర్వాత పేతురు అయ్యాడు. కొర్నేలీ పేతురు కోసం ఎదురుచూస్తూ బంధువుల్నీ, దగ్గరి స్నేహితుల్నీ ముందే ఇంట్లో పోగుచేసి కూర్చున్నాడు (అపొ. కార్యములు 10:24). ఫిలిప్పీలో చెరసాల అధికారి ఆ రాత్రే పౌలు సీలల గాయాలు కడిగి, తన ఇంట్లో భోజనం పెట్టి, ఇంటివాళ్ళందరితో కలిసి సంతోషించాడు (16:33-34). తిమోతి విశ్వాసం ఎక్కడ మొదలైందంటే అమ్మమ్మ లోయి దగ్గర, అమ్మ యునీకే దగ్గర (2 తిమోతి 1:5). వంటింట్లో మొదలైన విశ్వాసం సంఘకాపరిని తయారుచేసింది.

నోరు తెరవకముందు

మరి ఇంట్లో ఎలా చెప్పాలి? మొదటి సంగతి, నోరు తెరవకముందు కొన్ని లెక్కలు సరిచేయాలి.

జక్కయ్యను చూడండి. లూకా 19లో ప్రభువు అతని ఇంటికి వచ్చాడు. జక్కయ్య నిలబడి ఏం చెప్పాడు? ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నది ఏదైనా ఉంటే దానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ మాట విన్న తర్వాతే, ఈ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు ప్రకటించాడు. జక్కయ్య పశ్చాత్తాపం డబ్బు సంచి దాకా వెళ్ళింది. యెరికోలో సుంకం కట్టి మోసపోయినవాళ్ళకు జక్కయ్య మారాడని ఎలా తెలిసింది? వాళ్ళ చేతిలోకి డబ్బు తిరిగి వచ్చినప్పుడు తెలిసింది.

మన విషయంలో ఆ లెక్క ఏమిటి? కిరాణా కొట్లో మన పేరు మీద పేరుకుపోయిన ఖాతా కావచ్చు. చెల్లి పెళ్ళికి ఇస్తానని ఇవ్వని మాట కావచ్చు. భార్య గాజులు తాకట్టు పెట్టి తెచ్చి, విడిపించని అప్పు కావచ్చు. అన్నదమ్ముల గట్టు తగాదాలో మనం జరిపిన ఒక అడుగు నేల కావచ్చు. అన్నీ ఒక్క రోజులో తీరకపోవచ్చు. ఫర్వాలేదు. "అన్నయ్యా, నీకు ఇవ్వాల్సింది నేను మర్చిపోలేదు, నెలకు ఇంత చొప్పున ఇస్తాను" అని చెప్పి, మొదటి నెల ఇవ్వండి. రెండో నెల కూడా ఇవ్వండి. మూడో నెల అన్నయ్యే అడుగుతాడు, "ఏరా, నీకేమైంది?" అని. అదీ మీరు నోరు తెరవాల్సిన సమయం. మీరు తలుపు కొట్టకుండానే తలుపు తెరుచుకుంది.

పేతురు తన మొదటి పత్రికలో (3:1-2) విశ్వాసులైన భార్యలకు చెప్పిన సలహా కూడా ఇలాంటిదే. భర్త వాక్యానికి లోబడనివాడైనా, మాట అవసరం లేకుండానే భార్య ప్రవర్తన చూసి అతను మారే అవకాశం ఉంది అన్నాడు. రోజూ ఉదయం కాఫీతో పాటు ఒక ప్రసంగం ఇవ్వమని అనలేదు. ఎందుకంటే ఇంటివాళ్ళు చెవులతో వినేకంటే కళ్ళతో చదివేదే ఎక్కువ.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ వాక్యాన్ని అడ్డం పెట్టుకుని, దెబ్బలు తింటున్న సహోదరితో "ఓర్చుకో తల్లీ, అదే నీ సాక్ష్యం" అని చెప్పేవాళ్ళున్నారు. పేతురు అలా రాయలేదు. భార్యను కొట్టడం పాపం, మన దేశ చట్టంలో నేరం కూడా. ప్రాణానికి అపాయం ఉన్నప్పుడు బయటికి వచ్చేయడం, పెద్దల సహాయం, చట్టం సహాయం తీసుకోవడం విశ్వాసం లేకపోవడం కాదు. దమస్కులో తనను చంపాలని చూసినప్పుడు పౌలు కూడా గంపలో కూర్చుని గోడ మీదుగా దిగి తప్పించుకున్నాడు (అపొ. కార్యములు 9:25). మౌనంగా సాక్ష్యం ఇవ్వడం వేరు, హింస కింద నలిగిపోవడం వేరు.

నోరు తెరిచినప్పుడు

సరే, అవకాశం వచ్చింది. ఏం చెప్పాలి?

ప్రభువు ఆ మనిషికి ఇచ్చిన పాఠం ఎంత చిన్నదో గమనించండి. దేవుడు నీకు ఏం చేశాడో చెప్పు, నీమీద ఎలా జాలిపడ్డాడో చెప్పు. అంతే. అతనికి ధర్మశాస్త్రం తెలుసో లేదో తెలియదు. అది పందులు మేపుకునే ప్రాంతం, ఎక్కువగా గ్రీకు సంస్కృతి ఉన్న ప్రాంతం. అతను యేసుతో గడిపింది కొద్దిసేపే. అయినా ప్రభువు అతన్ని "ముందు నేర్చుకుని తర్వాత వెళ్ళు" అనలేదు. తన కథ తనకు తెలుసు. అది చాలు.

చాలామంది కొత్త విశ్వాసులు ఇక్కడే దారి తప్పుతారు. తమ కథ చెప్పాల్సిన చోట ఎదుటివాళ్ళ తప్పులు చెప్తారు. "నాకు ప్రభువు ఏం చేశాడంటే" అని మొదలుపెట్టాల్సింది, "మీరు చేసేదంతా తప్పు" అని మొదలుపెడతారు. హాస్టల్లో ఉండి చదువుకుంటూ ప్రభువును నమ్ముకున్న ఒక కుర్రవాడు సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చాడనుకోండి. వచ్చీ రాగానే అమ్మ పూజగదిని వేలెత్తి చూపించి మాట్లాడాడు. అమ్మ ఏం విన్నది? "నా కొడుక్కి నేను పరాయిదాన్ని అయిపోయాను" అని విన్నది. యేసు గురించి ఆమె ఒక్క మాట కూడా వినలేదు. ఆమెను తప్పుపట్టగలమా?

అదే కుర్రవాడు ఇలా చేస్తే? వచ్చిన రోజు అమ్మ దగ్గర కూర్చుని, "అమ్మా, రెండేళ్ళుగా నీకు చాలా అబద్ధాలు చెప్పాను. పరీక్ష ఫీజని తీసుకున్న డబ్బులు బెట్టింగ్ యాప్‌లో పోగొట్టాను. బతకాలని కూడా అనిపించని రోజు ఒకటి వచ్చింది. ఆ రోజు ఒక స్నేహితుడు నన్ను ప్రార్థనకు తీసుకెళ్ళాడు. యేసు నన్ను క్షమించాడని నమ్మాను. అందుకే ఇప్పుడు నిన్ను క్షమించమని అడగడానికి ధైర్యం వచ్చింది" అని చెప్తే? అమ్మకు ఆ క్షణంలో కోపం రావచ్చు, ఏడుపు రావచ్చు. కాని కొడుకు మారాడన్న సంగతి ఆమె గుండెల్లోకి దిగుతుంది. ఆ మార్పు వెనక ఎవరున్నారన్న ప్రశ్న ఆమెలో ఆమే వేసుకుంటుంది.

కథ చెప్పేటప్పుడు మూడు సంగతులు మర్చిపోకండి. మీరు ఏమై ఉండేవారో ఉన్నదున్నట్టు చెప్పండి, ఎక్కువ చేయకండి, తక్కువ చేయకండి. ఇంటివాళ్ళకు అంతా తెలుసు. తర్వాత, ప్రభువు ఏం చేశాడో మామూలు మాటల్లో చెప్పండి. "నేను రక్తములో కడుగబడితిని" అంటే సంఘంలో అర్థమవుతుంది గాని మావయ్యకు అర్థం కాదు, భయమేస్తుంది. చివరగా, ఇంకా మారాల్సింది ఏముందో కూడా ఒప్పుకోండి. "నాకింకా కోపం వస్తుంది వదినా, కాని ఇప్పుడు తగ్గాక వచ్చి క్షమాపణ అడుగుతున్నాను" అని చెప్పినవాడిని నమ్ముతారు. "నేను పూర్తిగా మారిపోయాను" అన్నవాడి కోసం, ఎప్పుడు దొరుకుతాడా అని కాచుకుని కూర్చుంటారు.

దూషించకుండా నిలబడడం

అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఎఫెసు పట్టణం కనిపిస్తుంది. పౌలు అక్కడ రెండేళ్ళకు పైగా బోధించాడు. అర్తెమిదేవి గుడి ఉన్న పట్టణం అది. చివరికి పెద్ద గలాటా అయింది. అప్పుడు ఆ పట్టణపు కరణం లేచి జనాన్ని సముదాయిస్తూ చెప్పిన మాట చూడండి. ఈ మనుషులు గుడి దోచినవాళ్ళు కారు, మన దేవతను దూషించినవాళ్ళూ కారు అన్నాడు (37వ వచనం). క్రైస్తవుడు కాని ఒక అధికారి ఇచ్చిన సర్టిఫికెట్ అది! అన్నేళ్ళు బోధించాక కూడా, దూషించారన్న నింద వాళ్ళ మీద నిలబడలేదు. పౌలు సత్యం చెప్పడం మానలేదు. కాని తిట్టి చెప్పలేదు.

మన ఇంట్లోవాళ్ళు మన గురించి అలాంటి మాట చెప్పగలరా? "మా అబ్బాయి చర్చికి వెళ్తాడు గాని, మమ్మల్ని ఎప్పుడూ కించపరచలేదు" అని అమ్మ పక్కింటావిడతో అనగలిగితే, అది పెద్ద సాక్ష్యం. మన నిరీక్షణ గురించి అడిగినవాళ్ళకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్న పేతురే, ఆ జవాబు సాత్వికంతో, గౌరవంతో చెప్పమన్నాడు (1 పేతురు 3:15).

పండుగలు, తద్దినాలు, ప్రసాదం వచ్చినప్పుడు ఏం చేయాలని చాలామంది అడుగుతారు. మీ మనస్సాక్షి ఒప్పుకోని చోట మీరు నిలబడాలి, అందులో సందేహం లేదు. ఎలా నిలబడాలన్నదే ప్రశ్న. చుట్టాలందరి ముందు చెయ్యి వెనక్కి లాక్కుని అమ్మ తల దించుకునేలా చేయడం ఒక పద్ధతి. ముందురోజే వంటింట్లో అమ్మతో ఒంటరిగా, "అమ్మా, పూజలో మాత్రం నన్ను కూర్చోమనకమ్మా. నీమీద ప్రేమ తగ్గి కాదు. వచ్చినవాళ్ళందరికీ నేనే వడ్డిస్తాను, గిన్నెలు కూడా నేనే తోముతాను" అని చెప్పడం ఇంకో పద్ధతి. నమ్మకం రెంటిలోనూ ఒకటే. రెండో పద్ధతిలో ప్రేమ కూడా కనిపిస్తుంది.

ఇంకొకటి. ఎవరినీ భయపెట్టకండి, ఆశ చూపించకండి. "చర్చికి వస్తే నీ జబ్బు ఖచ్చితంగా తగ్గిపోతుంది, ఉద్యోగం వచ్చేస్తుంది" అని అత్తయ్యకు మాట ఇవ్వకండి. ప్రార్థన చేయండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి, మందులు టైముకు ఇవ్వండి. దేవుడు ఇవ్వని మాట మనం ఆయన పేరు మీద ఇవ్వకూడదు.

మన తెలుగు నేల మీద దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఒంగోలు ప్రాంతంలో తాళ్ళకొండపాడు అనే ఊరికి చెందిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసేవాడు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ మిషనరీ జాన్ క్లౌ చేత బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య తన బంధువులకు, తనలాంటి తోలు పనివాళ్ళ కుటుంబాలకు ఈ సంగతి చెప్తూ వెళ్ళాడు. సువార్త గడప నుండి గడపకు, చుట్టరికాల దారిలో నడిచింది. తర్వాత 1876-78 నాటి ఘోరమైన కరవు వచ్చింది. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని కల్పించాడు. ఆ కరవు రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్ళు చాలామంది వచ్చినా, కూటి కోసం ఎవరూ రాకూడదని ఆపేశాడు. సహాయం పంచే పని ముగిశాకే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనం ఆ సంఖ్యను గొప్పగా చెప్పుకుంటాం. దాని వెనక పన్నెండేళ్ళ ఇంటింటి మాటలున్నాయి, ఆశ చూపించి చేర్చుకోకూడదన్న నిజాయితీ కూడా ఉంది. ఆ రెండూ కూడా చెప్పుకోవాలి.

ఇల్లు నమ్మకపోతే

"అయ్యగారూ, నేను ఇవన్నీ చేశాను. పదేళ్ళయింది. మా నాన్న మారలేదు" అనేవాళ్ళు ఇది చదువుతూ ఉంటారు. మీ బాధ ప్రభువుకు తెలుసు. ఊరికే అనడం లేదు, ఆయనకు నిజంగా అనుభవం ఉంది.

మార్కు 3:21 చూడండి. యేసుప్రభువు సొంతవాళ్ళే ఆయనకు మతి తప్పిందనుకుని పట్టుకోవడానికి వచ్చారు. యోహాను 7:5లో, ఆయన తమ్ముళ్ళు కూడా ఆయనను నమ్మలేదని రాసి ఉంది. ఆలోచించండి, పాపం లేని జీవితాన్ని ఒకే ఇంట్లో ఉండి చూశారు వాళ్ళు. అయినా నమ్మలేదు. కాబట్టి ఇంటివాళ్ళు నమ్మకపోతే అది ప్రతిసారీ మీ సాక్ష్యంలో లోపం అని అనుకోకండి. ఆ భారం మీ తల మీద పెట్టుకోకండి.

కాని కథ యోహాను 7తో ముగియలేదు. తిరిగి లేచిన ప్రభువు యాకోబుకు కనిపించాడని 1 కొరింథీయులకు 15:7లో ఉంది. అపొస్తలుల కార్యములు 1:14కు వచ్చేసరికి మేడగదిలో ప్రార్థిస్తున్నవాళ్ళలో తల్లి మరియ ఉంది, ఆయన సహోదరులూ ఉన్నారు. నమ్మని తమ్ముళ్ళు అదే గదిలో మోకాళ్ళ మీద ఉన్నారు! ఆ యాకోబే యెరూషలేము సంఘానికి స్తంభం అయ్యాడు.

నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో మోనికా అనే తల్లి ఉండేది. భర్త పత్రికియస్ విశ్వాసి కాడు, పైగా కోపిష్టి. ఆమె ఓపికగా ప్రార్థించింది. అతను చనిపోయే ముందు ప్రభువును నమ్ముకున్నాడు. కొడుకు అగస్టీన్ గొప్ప చదువరి, కాని దారి తప్పినవాడు. అతని కోసం ఏళ్ళ తరబడి కన్నీళ్ళు కార్చింది. చివరికి 387లో, 32 ఏళ్ళ వయసులో మిలాను పట్టణంలో అగస్టీన్ బాప్తిస్మం తీసుకున్నాడు. అదే సంవత్సరం మోనికా కన్నుమూసింది. ఎదురుచూసిన కాలంతో పోలిస్తే ఆ ఫలాన్ని ఆమె చూసింది కొన్ని నెలలే. అయినా చూసింది.

కొందరం చూడకుండానే వెళ్ళిపోవచ్చు. అది దేవుని చేతిలో ఉంది. మన చేతిలో ఉన్నది ఒకటే. నాన్న మారితేనే నాన్నను ప్రేమిస్తాం అన్నట్టు ఉండకూడదు. ఆయన ఎప్పటికీ చర్చి గడప తొక్కకపోయినా, ముసలితనంలో ఆయన కాళ్ళు పట్టేది మీరే కావాలి. అది ఆయన్ని మార్చే ఉపాయంగా చేయకండి. ఆయన మీ నాన్న కాబట్టి చేయండి. నీ తండ్రినీ తల్లినీ గౌరవించమన్న ఆజ్ఞలో, వాళ్ళు విశ్వాసులైతేనే అన్న షరతు లేదు.

క్రైస్తవ కుటుంబంలోనే పుట్టినవాళ్ళకు కూడా ఒక మాట. మీ ఇంట్లో గోడ మీద వాక్యం ఉంటుంది, బీరువాలో బైబిలు ఉంటుంది. అక్కడ సాక్ష్యం ఇంకా కష్టం. ఎందుకంటే అందరికీ అన్నీ తెలుసు. తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చినప్పుడు పొలం నుండి వచ్చిన పెద్ద కొడుకు లోపలికి రానన్నాడు (లూకా 15:28). మీరు నిజంగా మారినప్పుడు మొదట అనుమానించేది మీ సొంత అన్నయ్యే కావచ్చు. "వీడి భక్తి ఎన్నాళ్ళులే" అనవచ్చు. ఆ మాటకు జవాబు మాటల్లో లేదు. రేపు, ఎల్లుండి, వచ్చే నెల, వచ్చే సంవత్సరం మీరు బతికే విధానంలోనే ఉంది.

దెకపొలి వైపు ఒకసారి చూడండి

ఆ మనిషి ఏం చేశాడు? 20వ వచనం ప్రకారం, అతను వెళ్ళి దెకపొలి అంతటా యేసు తనకు చేసినదాన్ని చెప్పడం మొదలుపెట్టాడు. దెకపొలి అంటే పది పట్టణాలని అర్థం. ప్రభువు ఇంటికి పంపిస్తే, ఆ మాట ఇంటి నుండి పది పట్టణాల దాకా వెళ్ళింది.

ఆ తర్వాత మార్కు 7:31లో యేసుప్రభువు మళ్ళీ ఆ దెకపొలి ప్రాంతానికే వచ్చాడు. ఈసారి ఎవరూ వెళ్ళిపొమ్మని బతిమాలుకోలేదు. చెవిటివాడిని తీసుకొచ్చి, ఇతని మీద చెయ్యి ఉంచు అని బతిమాలుకున్నారు. ఈ మార్పు ఆ ఒక్క మనిషి సాక్ష్యం వల్లే వచ్చిందని లేఖనం నేరుగా చెప్పలేదు. కాని మార్కు ఈ రెండు సంగతుల్నీ మన ముందు పెట్టాడు. మొదటిసారి ప్రభువు వెళ్ళిపోయేటప్పుడు, బుద్ధి కుదిరిన ఒక్క మనిషిని అక్కడ వదిలి వెళ్ళాడు. ప్రియులారా, మీ ఇంట్లో ప్రభువు వదిలిపెట్టిన ఆ ఒక్క మనిషి మీరే కావచ్చు.

ఈ వారం మీరు చేయాల్సింది పెద్ద పని ఏమీ కాదు. మీ ఇంట్లో ఒక్కరి పేరు మనసులో పెట్టుకోండి. వాళ్ళకు మీరు తీర్చాల్సిన లెక్క ఏదైనా ఉంటే మొదలుపెట్టండి. డబ్బు కావచ్చు, క్షమాపణ కావచ్చు. రోజూ ఆ పేరుతో ప్రార్థించండి. వాళ్ళు అడిగినప్పుడు, దేవుడు మీకు చేసిన మేలు ఒక్కటి చెప్పండి. దూరదేశంలో పనిచేస్తున్నవాళ్ళైతే, కువైట్‌లో ఉన్నా దుబాయ్‌లో ఉన్నా, ఈసారి ఫోన్ చేసినప్పుడు డబ్బు సంగతి కంటే ముందు "అమ్మా, తిన్నావా?" అని అడిగి, ఆమె చెప్పేదంతా వినండి. విన్నవాళ్ళ మాటే ఎదుటివాళ్ళూ వింటారు.

ప్రార్థన చేద్దాం.

ప్రేమగల పరలోకపు తండ్రీ, సమాధుల్లో తిరిగిన మనిషిని తన ఇంటికి తిరిగి పంపిన నీ కనికరానికి స్తోత్రములు. మా ఇంటివారిని నీ చేతికి అప్పగిస్తున్నాము. మా మాటల వల్ల, మా ప్రవర్తన వల్ల గాయపడిన వారిని నీవే బాగుచేయుము. తిరిగి ఇవ్వాల్సింది ఇచ్చే నిజాయితీ, క్షమాపణ అడిగే దీనత్వం, సమయం వచ్చినప్పుడు మాట్లాడే ధైర్యం, రానప్పుడు ఊరుకునే ఓపిక మాకు దయచేయుము. ఏళ్ళ తరబడి ఇంటివారి కోసం కన్నీటితో ప్రార్థిస్తున్న ప్రతి తల్లిని, ప్రతి భార్యను, ప్రతి బిడ్డను ఆదరించుము. హింసలో ఉన్నవారికి క్షేమమైన చోటు చూపించుము. యేసుక్రీస్తు నామములో వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మల్నీ, మీ ఇంటివారందరినీ దీవించును గాక.